డెన్వర్‌లో డెబ్బై ఆరు

వసుమతికి తన వంట మీద అప్పుడప్పుడు అనుమానం వచ్చేది, తన ఇంగ్లీషు మీద తరచుగా వచ్చేది, మొగుడి జ్ఞాపకశక్తి మీద రోజూ వచ్చేది. ఫిజిక్స్ పాఠం చెప్పడం దగ్గర మాత్రం ఆవిడకి ఏ అనుమానమూ లేదు. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో ఏడేళ్ళు చెప్పింది. లెక్కలంటే జ్వరం తెచ్చుకునే పిల్లలు కూడా ఆవిడ క్లాసయ్యాక వరండాలో నిలబడి, గాలి గురించి, నీటి గురించి వాదించుకునేవాళ్ళు. అదంతా అమెరికా రాకముందు సంగతి. వచ్చాక హ్యూస్టన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపు కొట్టుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపింది. ఆ ఆఫీసులో ఎవరూ ఆవిణ్ణి గాలి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

భర్త జగదీష్‌కి చమురు కంపెనీలో ఉద్యోగం మారి కిందటి వేసవిలో డెన్వర్ వచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకే కూతురు రేణు చదివే హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు, రెట్టింపు జీతం వస్తుందని, తనూ ఒక చమురు కంపెనీలో చేరిపోయాడు. ఎనభై ఒకటిలో ఆ ఊళ్ళో సైన్సు తెలిసిన వాడెవడూ బడిలో నిలిచేలా లేడు. ఆ క్లాసులు సైన్సు విభాగానికి పెద్ద అయిన హాల్వర్‌సన్ నెత్తిన పడ్డాయి. ఆయన చదివింది జీవశాస్త్రం. కప్పను కోయమంటే కళ్ళు మూసుకుని కోస్తాడు గానీ, పాదరసం గొట్టం ముందు నిలబడితే చెమటలు పట్టేవి. అయినా బింకంగా నెట్టుకొస్తున్నాడు.

వసుమతి దరఖాస్తు పెట్టింది. టీచర్ల కరువులో ఉన్న రాష్ట్రం వాళ్ళు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇక మిగిలింది హాల్వర్‌సన్ ఒప్పుకోవడమే. ఆయన మర్యాదస్తుడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చివరికి అసలు మాట అన్నాడు.

"మీ చదువు గురించి నాకు సందేహం లేదు మిసెస్ కొల్లూరి. మీరు మాట్లాడేది మా పిల్లలకి అర్థమవుతుందా అన్నదే నా సందేహం. శుక్రవారం ఒక పాఠం చెప్పి చూపించండి. నేను వెనక కూర్చుంటాను. అది బాగుంటే ఉద్యోగం మీది. లేకపోతే మనిద్దరం స్నేహితులుగానే ఉందాం."

స్నేహితులుగా ఉండటానికి వసుమతికి డెన్వర్‌లో ఇంకో మనిషి అక్కర్లేదు. ఉద్యోగమే కావాలి. ఇది పోతే మళ్ళీ టైపు మిషనే గతి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఇంట్లో వాళ్ళకీ తెలుసు.

గురువారం సాయంత్రం అన్నాల దగ్గర రేణు కంచంలో కెలుకుతూ కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల. అమ్మ పాఠం చెప్పబోయేది తన క్లాసుకే అని తెలిసినప్పటి నుంచీ దానికి ముద్ద దిగడం లేదు.

"అమ్మా, ప్లీజ్, చీర వద్దు. పాంట్స్ వేసుకో."

"ఏడేళ్ళూ చీర కట్టుకునే చెప్పాను. పాంటు వేసుకుంటే నాకు ఒక్క సూత్రం గుర్తు రాదు."

"సరే, చీర ఓకే. కానీ బాయిల్స్ లా చెప్పొద్దు. మేం అక్టోబర్‌లో చేసేశాం. డెన్సిటీ చెప్పు. హీట్ చెప్పు. ఏదైనా చెప్పు."

"చేసేశారు కాబట్టే ఆయన అది చెప్పమన్నాడు. పిల్లలకి తెలిసిన పాఠం అయితే నేను ఎలా చెప్తున్నానో తేలిగ్గా తెలుస్తుందిట."

జగదీష్ పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. "దాన్లో ఏముందే వసూ, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. రేణుకి నేనే హెల్ప్ చేశాను కదా, 'ఏ' గ్రేడ్ వచ్చింది. క్లాసందరికీ 'ఏ' గ్రేడే వచ్చిందిట."

"మీరా హెల్ప్ చేసింది? పర్వాలేదే, ఏదో గుర్తుందన్నమాట," అంది వసుమతి. రేణు కంచం తీసుకుని లేచిపోయింది.

ఆ బాయిల్ సూత్రం పాఠం ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. మన చుట్టూ ఉన్న గాలి అన్నిటినీ నొక్కుతూ ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కుతుందంటే, పాదరసాన్ని డెబ్బై ఆరు సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టేంత. ఒక గొట్టంలో కొంచెం గాలిని బంధించి, దాని మీద ఇంకో డెబ్బై ఆరు సెంటీమీటర్ల పాదరసం బరువు పెడితే ఒత్తిడి రెట్టింపు అవుతుంది, లోపలి గాలి సగానికి నలిగిపోతుంది. అంతే. కాకినాడలో ఆ ప్రయోగం ఎన్నిసార్లు చేయించిందో లెక్కలేదు. డెబ్బై ఆరు అనే అంకె తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు.

అయినా జాగ్రత్త మనిషి. శుక్రవారం పొద్దున్న రేడియోలో వాతావరణం విన్నది. గాలి ఒత్తిడి ముప్ఫై అంగుళాలు అన్నాడు. పొయ్యి దగ్గర నిలబడే నోటిలెక్క కట్టింది. డెబ్బై ఆరు చిల్లర. చాలు. బిస్కట్టు రంగు నేత చీర కట్టుకుని, మంచు బూట్లు తొడుక్కుని, కారెక్కింది.

క్లాసులో ఇరవై మందికి పైగా ఉన్నారు. ఒకడు టోపీ ముఖం మీదికి లాక్కుని నిద్రకి సిద్ధంగా ఉన్నాడు. ఒకమ్మాయి బబుల్‌గమ్ నములుతోంది. రేణు కిటికీ పక్కన, సాధ్యమైనంత చిన్నగా కూర్చుంది. హాల్వర్‌సన్ వెనక వరసలో చేతులు కట్టుకుని ఉన్నాడు.

వసుమతి పేరు చెప్పుకోలేదు, నమస్కారం పెట్టలేదు. నేరుగా టోపీ కుర్రాడి దగ్గరికి వెళ్ళి, రెండు ప్లాస్టిక్ సిరంజీలు వాడి బల్ల మీద పెట్టింది. వాడి పేరు టాడ్. ఫుట్‌బాల్ జట్టులో అందరికన్నా బలవంతుడు.

"ఒకదాంట్లో నీళ్ళున్నాయి, ఒకదాంట్లో గాలి ఉంది. మొన వేలితో గట్టిగా మూసి రెండూ నొక్కు."

గాలి సిరంజీ సగం దాకా సులువుగా దిగింది. నీళ్ళది దిగలేదు. టాడ్ లేచి నిలబడ్డాడు. టోపీ తీసేశాడు. ముఖం కందగడ్డలా చేసుకుని నొక్కాడు. స్నేహితులు ఈలలు వేశారు. నీళ్ళు జానెడు కాదు కదా, వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"ఇటుకని నొక్కలేవు. నీళ్ళని నొక్కలేవు. ఎందుకంటే వాటిలో అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, సందు లేదు. గాలిలో సందే ఎక్కువ. అందుకే నలుగుతుంది. నలిగిన గాలి ఎక్కడికీ పోలేదు, సగం చోటులో అంతా ఇరుక్కుంది. అంటే దాని సాంద్రత ఏమయింది?"

"రెట్టింపు," అన్నాడు టాడ్. తనే జవాబు చెప్పినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

వసుమతికి ఒళ్ళు తేలికైంది. తొమ్మిదేళ్ళయింది ఈ రుచి చూసి. ఆవిడ మాట వాళ్ళకి అర్థమవుతోంది, వాళ్ళ నవ్వు ఆవిడకి అర్థమవుతోంది. వెనక హాల్వర్‌సన్ కట్టిన చేతులు విప్పాడు.

ఇక గొట్టం. ఎత్తయిన చెక్క స్టాండుకి రెండు గాజు గొట్టాలు, వాటిని కలుపుతూ కింద రబ్బరు గొట్టం, అందులో పాదరసం. ఎడమ గొట్టం పైన మూసి ఉంది, దాంట్లో గాలి బందీ. కుడి గొట్టం తెరిచి ఉంది, దాన్ని పైకి జరిపిన కొద్దీ ఎడమ గాలి మీద పాదరసం బరువు పెరుగుతుంది. రెండు వైపులా పాదరసం ఒకే ఎత్తులో పెట్టినప్పుడు బందీ గాలి పొడవు ఇరవై సెంటీమీటర్లు. టాడ్ వచ్చి చూసి అవునన్నాడు.

"ఇప్పుడు బయటి గాలి నొక్కుడు ఎంతో లోపలి గాలి నొక్కుడూ అంతే. డెబ్బై ఆరు. నేను ఈ గొట్టాన్ని ఎత్తి ఇంకో డెబ్బై ఆరు కలుపుతాను. ఒత్తిడి రెట్టింపు. గాలి ఎంత అవుతుంది?"

"పది!" అన్నారు నలుగురైదుగురు. వసుమతి నల్లబల్ల మీద డెబ్బై ఆరు అని, దాని పక్కన పెద్దగా పది అని రాసి, కింద రెండు గీతలు గీసింది. ప్రయోగానికి ముందే జవాబు రాయడం ఆవిడ ధీమా. కాకినాడలో ఆ అంకె ఒక్కసారి కూడా తప్పలేదు.

గొట్టం ఎత్తింది. ఒక పక్క పాదరసం పైకి, ఒక పక్క గాలి కుంచించుకుంటూ పోయింది. ఎత్తుల తేడా డెబ్బై ఆరు దగ్గర మర బిగించి, వంగి స్కేలు చూసింది.

తొమ్మిది.

కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. తొమ్మిదే. కొంచెం అటూ ఇటూ కాదు, ఒక సెంటీమీటరు నిండా తేడా.

స్కేలు ఆవిడ వైపుకే ఉంది. ఆ అంకె ఇంకెవరికీ కనబడదు. "పది" అని ఒక్క మాట అంటే చాలు, పాఠం నల్లేరు మీద బండిలా సాగిపోతుంది. ఇలాంటి చోట ఏం చెయ్యాలో ఆంధ్రదేశంలో లాబ్‌లో అడుగు పెట్టిన ప్రతివాడికీ తెలుసు. రికార్డులో జవాబు ముందు రాసుకుంటారు. పుస్తకంలో ఎంతుంటే అంత. తర్వాత దాని నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు పుట్టిస్తారు. పరీక్షకొచ్చిన పెద్దాయనకీ తెలుసు, పాఠం చెప్పినాయనకీ తెలుసు, ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోరు. వసుమతి ఒక్కతే అనుకునేది. అలాంటి రికార్డులు పిల్లల ముందే చించి కిటికీలోంచి పారేసేది. ఆ పేరు కాలేజీ అంతా ఉండేది. చించడం సుళువు. అప్పుడు పోయేది పిల్ల మార్కులు. ఇప్పుడు పోయేది తన ఉద్యోగం. పది అనాలని ఆవిడకి నిజంగా అనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది.

"తొమ్మిది," అంది వసుమతి.

క్లాసులో చిన్న సందడి. హాల్వర్‌సన్ వెనక నుంచి లేచి వచ్చాడు. స్కేలు చూశాడు. మొహంలో నిజమైన విచారం కనిపించింది.

"గాలి లీకవుతున్నట్టుంది మిసెస్ కొల్లూరి. లోపలి గాలి కొంత బయటికి పోతే అంకె తగ్గుతుంది కదా. బిగించడంలో ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది. ఎందుకంటే అక్టోబర్‌లో ఇదే గొట్టం మీద ఈ పిల్లలే చేశారు. ఆరు గుంపులు. ఆరింటికీ డెబ్బై ఆరు దగ్గర పదే వచ్చింది. అంత చక్కటి ఫలితాలు నేను ఎప్పుడూ చూడలేదు."

రేణు కిటికీలోంచి బయట మంచు చూస్తోంది.

లీకు అనే మాట వసుమతికి చురుక్కుమంది. బిగించింది తను. ఏడేళ్ళలో తను బిగించిన గొట్టం ఒక్కటీ కారలేదు. కోపం వచ్చేసరికి భయం ఎటో పోయింది, బుర్ర మామూలుగా పనిచేయడం మొదలుపెట్టింది.

"లీకయితే పోయిన గాలి తిరిగి రాదు. అవునా?" అని క్లాసుని అడిగింది. అవునన్నారు. "అయితే చూడండి. టాడ్, నువ్వే రా. గొట్టం కిందికి దించు. రెండు పక్కలా పాదరసం సమానంగా పెట్టు. ఇప్పుడు గాలి ఎంతుంది?"

టాడ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. "ఇరవై. మొదట ఎంతుందో అంతే."

"ఒక్క బుడగ కూడా పోలేదు. గొట్టం మంచిది." వసుమతి హాల్వర్‌సన్ వైపు తిరిగింది. "ఇక ఏం మిగిలింది? స్కేలు చెక్క, అది సాగదు. పాదరసం పాదరసమే. గాలి పొడవు మనం చూశాం, ఎత్తు మనం చూశాం. ఈ గదిలో ఎవరూ చూడకుండా నల్లబల్ల మీద రాసిన అంకె ఒక్కటే ఉంది."

ఆ మాట అంటూ ఉండగానే ఆవిడకి తెలిసిపోయింది. డెబ్బై ఆరు. దాన్ని ఎవరు కొలిచారు? తను కొలిచింది, నిజమే, కాకినాడలో. సముద్రం పక్కన, అల చప్పుడు వినిపించే ఊళ్ళో. ఆ అంకెని పెట్టెలో చీరలతోపాటు హ్యూస్టన్ తెచ్చుకుంది. అదీ సముద్రం పక్కదే. అక్కణ్ణించి డెన్వర్ తెచ్చుకుంది. ఈ ఊరు సముద్రానికి మైలు ఎత్తున ఉందని బస్సుల మీద, చొక్కాల మీద, ఐస్‌క్రీం దుకాణాల మీద రాసి ఉంటుంది. రోజూ చదువుతూనే ఉంది. తన మీద తనకి నవ్వూ వచ్చింది, తల కొట్టేసినట్టూ అయింది.

"నేను తప్పు చేశాను," అంది గట్టిగా. "డెబ్బై ఆరు ఈ ఊరి అంకె కాదు. ఈ ఊరి అంకె తక్కువ ఉండాలి."

"లేదు లేదు," అన్నాడు హాల్వర్‌సన్. ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఇత్తడి చట్రంలో గుండ్రటి బారోమీటరు ఉంది. ముల్లు సరిగ్గా ముప్ఫై అంగుళాల మీద ఉంది. "పొద్దున్న రేడియోలో కూడా ముప్ఫై అనే చెప్పారు."

"నేనూ విన్నాను. ఆ బారోమీటరు ముల్లుని ఎవరు సర్దారు?"

"నేనే. కొన్నప్పుడు దాంతో ఒక కాగితం వచ్చింది. రేడియోలో చెప్పే అంకె దగ్గర ముల్లు పెట్టుకోమని..." హాల్వర్‌సన్ మాట మధ్యలో ఆగింది.

"అంటే మనకి ఇద్దరు సాక్షులు లేరు. ఒక్కడే ఉన్నాడు. వాడు రేడియోలో ఉన్నాడు." పిల్లలు నవ్వారు. "వాడు అబద్ధాలకోరు అని నేననను. కొండ మీది ఊరికీ, సముద్రం పక్క ఊరికీ వాతావరణం పోల్చాలంటే రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చి చెప్పాలి. మన ఊరు సముద్రం పక్కనే ఉంటే ఎంత ఉండేదో అది చెప్తున్నాడని నా ఊహ. మనం ఊహ మీద పాఠం చెప్పం. ఈ గొట్టాన్నే అడుగుదాం. గాలి సగం అయ్యిందంటే ఒత్తిడి రెట్టింపు అయినట్టే. ఎంత పాదరసం కలిపితే సగం అవుతుందో, అంతే ఈ గదిలో గాలి ఒత్తిడి. టాడ్, మెల్లగా ఎత్తు. పది దగ్గర ఆపు."

టాడ్ ఎత్తాడు. నిద్రపోయేవాళ్ళు లేరు ఇప్పుడు. బబుల్‌గమ్ అమ్మాయి నమలడం మానేసి బల్ల మీదికి ఎగబాకి చూస్తోంది. గాలి పదికి రాగానే టాడ్ ఆపాడు. వసుమతి స్కేలు చదవలేదు. బబుల్‌గమ్ అమ్మాయిని పిలిచి చదవమంది.

"అరవై రెండున్నర."

వసుమతి నల్లబల్ల మీది డెబ్బై ఆరుని తుడిపేసి ఆ చోట అరవై రెండున్నర అని రాసింది. "ఇదీ డెన్వర్ గాలి. అంగుళాల్లో ఇరవై నాలుగు పాయింట్ ఆరు."

"అసాధ్యం," అన్నాడు హాల్వర్‌సన్. ఈసారి మర్యాద కొంచెం తగ్గింది. "పెద్ద తుఫానుల్లో కూడా అంత తగ్గదు. అంత తగ్గితే ఈ బడి పైకప్పు ఎగిరిపోతుంది."

"విమానాశ్రయానికి ఫోన్ చెయ్యండి. అక్కడ కొలిచేవాళ్ళుంటారు. కానీ రేడియోకి ఇచ్చే అంకె అడక్కండి. అక్కడ నిజంగా పాదరసం ఎంత ఎత్తున ఉందో అడగండి. నేను చెప్పింది తప్పయితే ఇక్కణ్ణించే నేను ఇంటికి వెళ్ళిపోతాను."

లాబ్ పక్కన సామాన్ల గదిలో గోడకి ఫోన్ ఉంది. హాల్వర్‌సన్ తలుపు తెరిచే ఉంచి నంబరు తిప్పాడు. ఆయన లైనులో ఉన్నంతసేపూ వసుమతి ఊరుకోలేదు.

"మీ ఇళ్ళలో కేకులు చేసే పొడి డబ్బా ఉంటుంది కదా. దాని వెనక ఏం రాసి ఉంటుంది?"

"ఎత్తయిన ఊళ్ళలో అయితే పిండి ఎక్కువ కలపండి అని ఉంటుంది," అంది బబుల్‌గమ్ అమ్మాయి. అనేసి, "ఓ!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను కేకులు చెయ్యను. మా వాళ్ళు పప్పు వండుతారు, మూత బిగించి, లోపల ఆవిరి పట్టి ఉంచే కుక్కర్‌లో. అందుకే మీ అమ్మలందరికీ తెలిసిన సంగతి నాకు తెలియలేదు. కిందటి వేసవి నుంచీ పప్పుకి ఒక కూత ఎక్కువ పెడుతున్నాను. కొట్టువాడు పాత పప్పు అంటగడుతున్నాడని వాణ్ణి తిట్టుకుంటున్నాను. తప్పు పప్పుది కాదు, కొట్టువాడిదీ కాదు."

నవ్వులు ఇంకా ఆగకముందే సామాన్ల గదిలోంచి హాల్వర్‌సన్ గొంతు వినిపించింది. "ఏ అంకె కావాలని అడుగుతున్నాడు. రేడియోకి ఇచ్చేదా, ఇక్కడ ఉన్నదా అని... ఉన్నది. ఉన్నదే చెప్పండి." ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై నాలుగు పాయింట్ ఆరు."

క్లాసు దద్దరిల్లింది. టాడ్ బల్ల మీద దరువేశాడు. వసుమతి కళ్ళు తుడుచుకోవడానికి పైట చెంగు దాకా వెళ్ళిన చేతిని మళ్ళించి సుద్దముక్క తీసుకుంది.

హాల్వర్‌సన్ మాత్రం నవ్వలేదు. నల్లబల్ల మీది అంకెనీ, గొట్టాన్నీ, పిల్లల్నీ వరసగా చూశాడు. ఆయన కప్పల మనిషే కావచ్చు గానీ మందమతి కాదు.

"అయితే అక్టోబర్‌లో మీకు డెబ్బై ఆరు దగ్గర పది ఎలా వచ్చింది? ఆరు గుంపులకీ?"

దరువు ఆగిపోయింది. టాడ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ నిశ్శబ్దం వసుమతికి కొత్తది కాదు. కాకినాడలో రికార్డులు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా వినేది. ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటుంది కాబోలు అనుకుంది.

కిటికీ పక్కన కుర్చీ జరిగింది. రేణు లేచి నిలబడింది.

"అలా రాయమని నేనే చెప్పాను, మిస్టర్ హాల్వర్‌సన్. అందరికీ తొమ్మిదే వచ్చింది. ఏదో తప్పు చేశామనుకున్నాం. గ్రేడ్ పోతుందని భయపడ్డాం. ఇంట్లో నాన్నని అడిగితే, జవాబు ముందు రాసుకుని రీడింగులు వెనక్కి లెక్కకట్టమన్నారు. ఇండియాలో వాళ్ళ కాలేజీలో అందరూ అలాగే చేసేవారట. నేను చేశాను. నా ఫ్రెండ్స్‌కి నేర్పాను. వాళ్ళు మిగతా వాళ్ళకి నేర్పారు."

హాల్వర్‌సన్ రేణుని చూసి, మెల్లగా వసుమతి వైపు తల తిప్పాడు.

వసుమతికి ముఖం మీద ఎవరో పేడనీళ్ళు చల్లినట్టయింది. తను ఏడేళ్ళు చించి పారేసిన అబద్ధం, తన వంటింటి బల్ల మీదే, తన పెరుగన్నం తింటూ, తన కూతురి చేతికి అందింది. 'ఏ' గ్రేడ్ వచ్చిందని మొన్నటిదాకా మురిసిపోయింది కూడా. జగదీష్ ఎదురుగా ఉంటే ఆ క్షణాన ఏం చేసేదో ఆవిడకే తెలియదు. ఇక ఉద్యోగం ఎవరిస్తారు? ఏ పెద్దమనిషి ఇస్తాడు? పోతే పోయింది. కానీ ఈ పాఠం సగంలో వదిలి పోవడం మాత్రం తన వల్ల కాదు.

"మిస్టర్ హాల్వర్‌సన్, ఆ విద్య మా ఇంట్లోంచే వచ్చింది. నాకు సిగ్గుగా ఉంది. దాని 'ఏ' గ్రేడ్ తీసెయ్యండి, మిగతా వాళ్ళవీ తీసెయ్యండి. ఉద్యోగం సంగతి మీ ఇష్టం. బెల్లు కొట్టడానికి ఇంకా టైముంది. ఈ పాఠం పూర్తి చేసే వెళ్తాను."

హాల్వర్‌సన్ దగ్గర్లో ఉన్న ఖాళీ కుర్చీ లాక్కుని, పిల్లల మధ్యలో కూర్చున్నాడు.

"రేణూ, ఇలా రా."

రేణు వచ్చింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. వసుమతి గొట్టాన్ని కొత్త ఎత్తులో పెట్టి, తేడా నలభై సెంటీమీటర్ల దగ్గర బిగించింది. సూత్రం ప్రకారం గాలి పొడవు ఎంత ఉండాలో బల్ల మీద లెక్క వేసి చూపించింది. పన్నెండు పాయింట్ రెండు వచ్చింది.

"ఇప్పుడు చదువు."

రేణు వంగింది. చాలాసేపు చూసింది. తల తిప్పి బల్ల మీది జవాబు చూసింది. మళ్ళీ గొట్టం చూసింది. తర్వాత క్లాసుకి వినబడకుండా తెలుగులో గొణిగింది.

"అమ్మా, కరెక్ట్‌గా రావట్లేదు. కొంచెం తేడా ఉంది. పాయింట్ రెండు అని చెప్పనా?"

"ఎంత రావాలో నేను అడగలేదు. ఎంత ఉందో అడిగాను. పైకి చెప్పు."

రేణు నిటారుగా నిలబడి క్లాసు వైపు తిరిగింది.

"పన్నెండు పాయింట్ మూడు," అంది.

హాల్వర్‌సన్ లేచి వచ్చి వసుమతి చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నాడు. లెక్క వేసిన జవాబు పక్కన, దాని కన్నా పెద్ద అక్షరాలతో, తన చేత్తో పన్నెండు పాయింట్ మూడు అని రాశాడు.

"నెల రోజులుగా మీ ఇంగ్లీషు వీళ్ళకి అర్థమవుతుందా అని మథనపడుతున్నాను," అన్నాడు సుద్దముక్క తిరిగి ఇచ్చేస్తూ. "అర్థం కావలసింది ముందు నాకే అని ఇప్పుడు తెలిసింది. సోమవారం నుంచి ఈ క్లాసు మీది. అక్టోబర్ గ్రేడులన్నీ నేను కొట్టేస్తాను. మళ్ళీ వెయ్యడం మీ పని."

"సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే మొదలుపెడదాం," అంది వసుమతి. "వరసలో రండి. ఒక్కొక్కరూ చదవండి. పక్కవాడు ఏం చెప్పాడో నాకు అక్కర్లేదు."

టాడ్ ముందుకి తోసుకొచ్చాడు. వాడికి పన్నెండు పాయింట్ రెండు కనబడింది. బబుల్‌గమ్ అమ్మాయికి పన్నెండుంపావు కనబడింది, ఆ అమ్మాయి రెండుసార్లు చూసి మరీ మార్చనంది. ఇంకొకడికి పన్నెండు పాయింట్ ఒకటి. బెల్లు కొట్టినా ఎవరూ పుస్తకాలు సర్దలేదు. బల్ల నిండా పన్నెండుకి అటూ ఇటూ అంకెలు నిండిపోయాయి. వసుమతి చేతులకంటిన సుద్ద బిస్కట్టు రంగు చీరకే తుడుచుకుని, వెనక్కి జరిగి చూసింది. అన్నీ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి, వరసగా ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. అలాంటి నల్లబల్ల చూసి తొమ్మిదేళ్ళయింది, ఆవిడకి కడుపు నిండిపోయింది.